కార్లైల్ హాస్టల్ పిల్లల ఫుట్‌బాల్ జట్టు - 1912 సీజన్ చెప్పే పాఠం



గంట కొట్టగానే లేవడం, కంచం పట్టుకుని వరుసలో నిలబడటం, పండగ సెలవుల కోసం రోజులు లెక్కపెట్టడం మనందరికీ తెలిసినవే. నూరేళ్లకు పైగా క్రితం అమెరికాలోని ఒక హాస్టల్ పిల్లలు దేశంలోని పెద్ద పెద్ద కాలేజీ జట్లను ఆటలో ఓడించారు. వారి కథను ఈ వార్షికోత్సవ సంచికలో మనం పాఠంగా చదువుకుందాం.

ఆ బడి ఎందుకు పెట్టారు?

అమెరికా మూలవాసుల పిల్లల కోసం 1879లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఈ బడిని ప్రారంభించాడు. ఖాళీగా ఉన్న సైనిక బ్యారక్‌లే తరగతి గదులు, పడక గదులు అయ్యాయి. పిల్లలలోని 'ఇండియన్' తనాన్ని పోగొట్టి తెల్లవారిలా మార్చడమే లక్ష్యమని ప్రాట్ బాహాటంగానే చెప్పాడు. రాగానే జుట్టు కత్తిరించేవారు. పేరు మార్చేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. సగం పూట చదువు, సగం పూట పని. జబ్బులతో చనిపోయిన పిల్లలు చాలామంది. అక్కడి శ్మశానంలో దాదాపు 180 మందిని పూడ్చిపెట్టారు.

ఆట గురించి కొంచెం

అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, అవసరమైతే తన్నుతారు. జట్టుకు 11 మంది. 1912లో నియమాలు మారాయి. 10 గజాలు ముందుకు వెళ్లడానికి అంతకుముందు మూడు అవకాశాలు ఉండగా, నాలుగు చేశారు. బంతిని అవతలి గీత దాటిస్తే వచ్చే పాయింట్లు 5 నుండి 6 అయ్యాయి. దీన్నే టచ్‌డౌన్ అంటారు.

కార్లైల్ పిల్లలు ఎదుటి జట్ల కన్నా బరువు తక్కువ. కాబట్టి వేగం, ఉపాయం వారి బలాలయ్యాయి. కోచ్ పాప్ వార్నర్ ఆటగాళ్లను రెండు రెక్కల్లా నిలబెట్టే పద్ధతి తయారుచేశాడు. బంతి ఎవరి చేతిలో ఉందో, ఎటు పోతుందో ఎదుటివారికి అంత తేలిగ్గా అంతుపట్టేది కాదు.

1912 సీజన్

జట్టులో ప్రధాన ఆటగాడు జిమ్ థోర్ప్. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. చిన్నతనంలోనే కవల సోదరుణ్ణి, తల్లిని పోగొట్టుకున్నాడు. 1904లో కార్లైల్‌లో చేరాడు. అదే ఏడాది తండ్రి కూడా పోయాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్‌లలో బంగారు పతకాలు గెలిచి, తిరిగి వచ్చి బడి జట్టులో ఆడాడు. అదే ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగులో రజతం గెలిచిన హోపీ తెగవాడు లూయిస్ తెవానిమా కూడా కార్లైల్ విద్యార్థే.

సెప్టెంబరు 21 నుండి నవంబరు 28 వరకు 14 మ్యాచ్‌లు. అంతకుముందు ఏడాది తమను ఓడించిన ఏకైక జట్టు సిరక్యూస్‌ను ఈసారి 33-0తో ఓడించారు.

నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో ఆర్మీ జట్టుతో ఆట. అవతలివారు రేపటి సైనికాధికారులు. అదే సైన్యం 1890 డిసెంబరులో వూండెడ్ నీ దగ్గర మూలవాసులను, ఆడవారిని, పిల్లలను కూడా చంపి అప్పటికి 22 ఏళ్లు. ఆ రోజు కార్లైల్ 27-6తో గెలిచింది. పేరు థోర్ప్‌కు ఎక్కువ వచ్చినా, మూడు టచ్‌డౌన్‌లు చేసింది అలెక్స్ ఆర్కాసా. దురుసుగా ఆడిన ఆర్మీ కెప్టెన్‌ను రిఫరీ బయటికి పంపాడు. ఓడిన జట్టులో ఉన్న ఐసన్‌హోవర్ 1953లో అమెరికా అధ్యక్షుడయ్యాడు.

మరుసటి వారమే పెన్సిల్వేనియా యూనివర్సిటీ చేతిలో 34-26తో ఓటమి. చివరి మ్యాచ్‌లో బ్రౌన్‌పై 32-0తో విజయం. మొత్తం 12 గెలుపులు, 1 ఓటమి, 1 డ్రా.

గెలిచిన తర్వాత

అంతకుముందు చిన్న జీతానికి బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో 1913లో థోర్ప్ ఒలింపిక్ విజయాలను రద్దు చేశారు. 1982లో వాటిని పునరుద్ధరించినా, ఆయన్ను ఉమ్మడి విజేతగానే ప్రకటించారు. ఏకైక విజేతగా గుర్తించింది 2022లో. అప్పటికి థోర్ప్ చనిపోయి 69 ఏళ్లయింది.

బడి లోపల ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. జట్టు క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ విచారణ కోరుతూ వినతిపత్రం రాసి, 200 మందికి పైగా విద్యార్థులతో సంతకాలు పెట్టించాడు. 1914లో కాంగ్రెస్ సంఘం వచ్చి విచారించింది. కఠిన శిక్షలు, ఫుట్‌బాల్ డబ్బు వాడకంపై ప్రశ్నలు బయటికి వచ్చాయి. సూపరింటెండెంట్ పదవి పోయింది. కోచ్ వార్నర్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. 1918లో బడి మూతపడింది. ఇలాంటి బడులు నడిపినందుకు 2024 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పాడు.

మనం గ్రహించవలసింది

జట్టు గెలిచింది కాబట్టి ఆ బడి మంచిదని అనుకోకూడదు. ఆ గెలుపు పిల్లలది, బడిది కాదు. 27-6 చాలామందికి గుర్తుంది. 200 సంతకాలు కొద్దిమందికే గుర్తున్నాయి. మాకు మాత్రం రెండూ ఒక్కలాంటి విజయాలుగానే కనిపిస్తున్నాయి.

మనకూ వారికీ ఒక పెద్ద తేడా ఉంది. మనం మన భాష, మన ఊరి పేరు, అమ్మానాన్నలు పెట్టిన పేరు వదులుకోకుండానే ఇక్కడ చదువుకుంటున్నాం. చదువు కోసం ఇంటిని మరిచిపోనక్కరలేదు. ఈ హక్కు విలువ కార్లైల్ పిల్లల కథ చదివాక మాకు ఇంకా బాగా అర్థమైంది.

ఆలోచించండి

1. బరువు తక్కువైన జట్టు బలమైన జట్లను ఎలా ఓడించగలిగింది?
2. బంతి ఆడిన చేత్తోనే వెల్చ్ వినతిపత్రం ఎందుకు రాశాడు?
3. మన హాస్టల్‌లో అందరి బాగు కోసం మనం కలిసి అడగవలసింది ఏమైనా ఉందా?