ఎడారి లోయలో మూడు రోజులు: ముందే వేయాల్సిన నీటి లెక్క

కొండ ఎక్కేవారు అలసిపోతే వెనక్కి తిరిగి దిగిపోవచ్చు. లోయలోకి దిగేవారికి ఆ వెసులుబాటు ఉండదు. తెల్లవారుజామున చల్లగాలిలో, నిండు ఓపికతో సులువుగా దిగేస్తారు. కష్టమైన ఎక్కుడు మాత్రం ఒళ్లు అలసిన తర్వాత, ఎండ ముదిరే వేళ మొదలవుతుంది. అందుకే ఎడారి లోయ ప్రయాణానికి ప్రణాళికను చివరి రోజు నుంచి మొదలుపెట్టి వెనక్కి వేసుకోవాలి.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దాని దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అడుగున నది ఉన్నచోట ఎత్తు దాదాపు 750 మీటర్లు. అంటే నిలువునా 1,350 మీటర్ల తేడా. లోపల రాత్రి బస చేయాలంటే జాతీయ ఉద్యానవనం నుంచి ముందుగా అనుమతి పొందాలి. సౌత్ కైబాబ్ బాటలో దిగి, నది ఒడ్డున రెండు రాత్రులు గడిపి, బ్రైట్ ఏంజెల్ బాటలో పైకి రావడం చాలామంది వేసుకునే పథకం. మొదటి బాట పొడవు సుమారు 11 కిలోమీటర్లు, రెండోది సుమారు 15 కిలోమీటర్లు.

దిగేకొద్దీ వేడి ఎందుకు?

గాలి కిందికి దిగినప్పుడు పీడనం పెరిగి అది నొక్కుకుపోతుంది, దాంతో వేడెక్కుతుంది. పొడి గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడెక్కుతుంది. ఈ లెక్కన అంచు మీద 29 డిగ్రీలున్న రోజున అడుగున 42 దాటవచ్చు. పగలంతా ఎండను పీల్చుకున్న రాతిగోడలు రాత్రి కూడా వేడిని వెదజల్లుతూనే ఉంటాయి. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు నడవవద్దని ఉద్యానవన అధికారులు హెచ్చరించేది ఇందుకే.

చెమట చేసే పని

65 కిలోల మనిషి 15 కిలోల సంచితో 1,350 మీటర్లు ఎక్కాడనుకుందాం. 80 కిలోల బరువును అంత ఎత్తుకు చేర్చడానికి కావాల్సిన శక్తి సుమారు 1,060 కిలోజౌళ్లు. మన కండరాలు ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతు మాత్రమే ఇలా పనిగా మారుతుంది. మిగిలిన మూడు వంతులు, అంటే దాదాపు 3,200 కిలోజౌళ్లు, ఒంట్లో వేడిగా మిగులుతాయి. చుట్టూ గాలి మన చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి బయటకు పోవడానికి చెమట ఆవిరి కావడం ఒక్కటే దారి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. కనుక ఎత్తుకు ఎక్కినందుకే 1.3 లీటర్ల చెమట ఖర్చవుతుంది. ఎండ, వేడి గాలి, దూరం కలిస్తే ఇది ఎన్నో రెట్లు అవుతుంది. పొడి గాలిలో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి, ఎంత నీరు పోయిందో నడిచేవారికి తెలియదు.

వేసవిలో నడిచే ప్రతి గంటకూ అర లీటరు నుంచి లీటరు నీరు అవసరం కావచ్చు. లీటరు నీటి బరువు కిలో. కాబట్టి దారిలో నీరు ఎక్కడ దొరుకుతుందన్నది సంచి బరువును నిర్ణయిస్తుంది. సౌత్ కైబాబ్ బాటలో నీటి వసతి లేదు. బ్రైట్ ఏంజెల్ బాటలో కుళాయిలు ఉన్నా, పాత పైపులైను తరచూ పగులుతుంటుంది. బయలుదేరే రోజున పరిస్థితి కనుక్కోవాలి, నీటిని శుద్ధిచేసే సాధనం వెంట ఉంచుకోవాలి. నది నీటిలో ఒండ్రు ఎక్కువ. దాన్ని తేరనిచ్చి, ఆ తర్వాతే వడపోయాలి.

నీళ్లు మాత్రమే తాగితే?

చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఏమీ తినకుండా అదేపనిగా నీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడి, మెదడు కణాలు ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతులు, తికమక కనిపిస్తాయి. వడదెబ్బ లక్షణాలూ ఇలాగే ఉంటాయి కాబట్టి పొరబడే ప్రమాదం ఉంది. అందుకే దాహానికి తగ్గట్టు తాగుతూ, మధ్యమధ్య ఉప్పు వేసిన పల్లీలు, శనగలు వంటివి తినాలి. తోటివారి మాట తడబడితే నడక ఆపి, నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసరాలి. వెంటనే సహాయం కోసం కబురు పంపాలి.

కనిపించని వాన

1997 ఆగస్టు 12న అరిజోనాలోనే యాంటిలోప్ కాన్యన్‌లో హఠాత్తుగా వచ్చిన వరద 11 మందిని బలిగొంది. వాన కురిసింది అక్కడ కాదు, ఎగువన ఎంతో దూరంలో. బండరాయి నీటిని ఇంకనివ్వదు, ఇరుకు లోయ దాన్ని ఒక్కచోటికి తోస్తుంది. ఎండిన వాగు ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ గుడారం వేయకూడదు. వాతావరణ సూచనను మనం ఉండే చోటికే కాక, ఎగువ ప్రాంతమంతటికీ చూసుకోవాలి.

లోయలో సెల్‌ఫోన్ చాలాచోట్ల పనిచేయదు. ఏ బాటలో, ఏ రోజు, ఎక్కడ ఉంటారో, ఎప్పటికి తిరిగి రావాలో రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లాలి. చివరి రోజు తెల్లవారకముందే బయలుదేరాలి. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి కేటాయించాలి.

పెన్నా నది కోసిన గండి చూడటానికి ఎండాకాలంలో గండికోట వెళ్లేవారికీ ఈ లెక్కలు పనికొస్తాయి. అక్కడి లోతు ఇంత కాకపోవచ్చు. ఒంటిని చల్లబరిచే చెమట సూత్రం మాత్రం అరిజోనాలోనైనా, కడప జిల్లాలోనైనా ఒకటే.