సర్వర్ గది నేర్పినవి

మాది ఖిలా వరంగల్, మధ్య కోట. ఉద్యోగమంతా ఒక సహకార పరపతి సంఘంలో కంప్యూటర్లు చూసుకోవడంలోనే గడిచింది. నెట్‌వర్క్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: సర్వర్ మన దగ్గరే పెట్టుకోవాలా, క్లౌడ్‌కు పంపాలా? నేను రెండూ చేశాను. రెండింటిలోనూ దెబ్బ తగిలిన చోట్లే ఎక్కువ నేర్పాయి.

1. సర్వర్ ఖర్చు కొన్న రోజుతో తీరదు.

సొంత సర్వర్ కొంటే ఒక్కసారితో ఖర్చయిపోతుందని పాలకవర్గానికి చెప్పింది నేనే. తర్వాత యూపీఎస్ బ్యాటరీలు కొన్నేళ్లకోసారి మార్చాల్సి వచ్చింది. మా వైపు ఎండలకు ఏసీ రాత్రింబవళ్లు నడవాలి. కరెంటు పోతే జనరేటర్‌కు డీజిల్ కావాలి. ఆదివారం డిస్కు పాడైతే మనిషి రావాలి. నేను రాసిచ్చిన నోట్‌లో ఇవేవీ లేవు. అయినా ఏడాది పొడవునా ఒకే తీరున నడిచే ఖాతాల పనికి సొంత యంత్రమే చవకని ఇప్పటికీ నా లెక్క. పరీక్షా ఫలితాల వెబ్‌సైటు సంగతి వేరు. ఏడాదిలో ఏ రెండు మూడు పూటలో జనమంతా ఒక్కసారిగా వచ్చి పడతారు, మిగతా రోజులు ఖాళీ. దానికోసం యంత్రాలు కొనిపెట్టుకోవడం దండగ, గంటల లెక్కన అద్దెకు తీసుకో. ఒప్పందంలో ఒక్కచోట మాత్రం నిదానంగా చదువు. డేటా లోపలికి పంపడానికి చాలా క్లౌడ్ కంపెనీలు ఏమీ తీసుకోవు, బయటికి తెచ్చుకునేటప్పుడు గిగాబైటు లెక్కన వసూలు చేస్తాయి.

2. ఒకే కప్పు కింద ఉన్న రెండు కాపీలు ఒక్క కాపీయే.

రోజూ రాత్రి బ్యాకప్ తీసి, సర్వర్ గదిలోనే ఇనుప బీరువాలో పెట్టేవాణ్ణి. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు నీళ్లు మా ఆఫీసు మెట్ల దాకా వచ్చి ఆగాయి. ఇంకో మెట్టు ఎక్కి ఉంటే సర్వరూ పోయేది, బీరువాలోదీ పోయేది. కూలీనాలీ చేసుకునేవాళ్ల పొదుపు లెక్కలవి. 2023 జులైలో ఊరు మళ్లీ మునిగేనాటికి ఒక కాపీ హైదరాబాద్‌లో ఉంది. దక్షిణ కొరియా ప్రభుత్వానికి ఆ అదృష్టం దక్కలేదు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. పోయింది 858 టెరాబైట్లు. బయట ఇంకెక్కడా కాపీ లేదు.

3. లైన్లు రెండుంటే చాలదు, అవి ఏ దారిన వస్తున్నాయో నడిచి చూడు.

అమెజాన్ క్లౌడ్ కేంద్రం 2016లో ముంబైకి, 2022 నవంబరులో హైదరాబాద్‌కు వచ్చింది. మాకూ హైదరాబాద్‌కూ మధ్య దాదాపు 150 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది, ఆ దూరం పోయి రావడానికి రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఆ లెక్కను నమ్మి మా కోటలోని శాఖ పనంతా క్లౌడ్‌కు ఎక్కించాను. మా వీధిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

మట్టి కోట, అగడ్త, రాతి కోట దాటి, వంకర తిరిగే దర్వాజాల గుండా లోపలికి రావాలి. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. అలాంటి చట్టం ఉండి తీరాలి. కాకతీయుల రాళ్లు పోతే మళ్లీ తేలేం. అయితే జనరేటర్ కోసం చిన్న గది వేసుకుందామన్నా మాకు వీలు పడలేదు, కేబుల్ కోసం నేల తవ్వడానికీ ఎవరూ ముందుకు రాలేదు. తీగలు స్తంభాల మీదుగానే వచ్చాయి. రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకుని నిశ్చింతగా ఉన్నాను. ఒక మే నెల గాలివానకు చెట్టు కొమ్మ విరిగిపడి రెండూ ఒకేసారి తెగాయి. రెండింటినీ అవే స్తంభాలకు కట్టారు.

ఆ రోజు మనవరాలి ఆసుపత్రి ఖర్చుకని వచ్చిన ఒక అవ్వ పాసుబుక్కు పట్టుకుని సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంది. ఆమె ఖాతాలో ఎంతుందో చెప్పలేని స్థితిలో మేమున్నాం. ఆ స్తంభాల పక్క నుంచే నేను రోజూ ఆఫీసుకు నడిచేవాణ్ణి, ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. తర్వాత ఒక లైను తీసేసి వైర్‌లెస్ పెట్టించాం. రోజూ పొద్దున్నే ఖాతాల నిల్వలు శాఖలోని కంప్యూటర్‌లోకి దిగేలా చేశాం. ఈ రెండూ మొదటి రోజే చేసి ఉంటే ఆ అవ్వ వచ్చిన గంటలోనే వెళ్లిపోయేది.

4. అద్దె కట్టినంత మాత్రాన జవాబుదారీ మారదు.

భవనం, కరెంటు, డిస్కులు క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది. ఎవరికి ఏ అనుమతి ఇచ్చాం, ఉద్యోగం మానేసినవాడి లాగిన్ తీసేశామా లేదా, ఇవి మన పనులే. 2025 అక్టోబరు 20న అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ డేటాబేస్ సేవకు డీఎన్‌ఎస్ లోపం వచ్చి, ఎన్నో దేశాల్లో యాప్‌లు గంటల తరబడి ఆగిపోయాయి. అలాంటి రోజున కౌంటర్ దగ్గర నిలబడ్డ సభ్యుడికి వర్జీనియా గురించి చెప్పి లాభం లేదు.

5. చూసుకునే మనిషి ఎవరో తేలాకే యంత్రం మాట.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 63,000 సంఘాలు, 2,516 కోట్ల రూపాయలు, అందరికీ క్లౌడ్ మీద ఉమ్మడి సాఫ్ట్‌వేర్. అది సరైన నిర్ణయమని నా నమ్మకం. యూరియా బస్తాలూ ధాన్యం కొనుగోళ్లూ చూసుకునే కొద్దిమంది సిబ్బందిని సర్వర్ కూడా చూసుకోమనడం అన్యాయం. పెద్ద ఆసుపత్రిలో అలా కాదు. స్కానింగ్ బొమ్మలు బరువైనవి, డాక్టరు వాటిని తక్షణం చూడాలి. అక్కడ తెలిసిన మనుషులుంటే సర్వర్ గది ఉంచు, కాపీ మాత్రం బయటికి పంపు.

నీ ఆఫీసుకు ఏది తగునో తేలకపోతే, రద్దీ లేని ఒక మధ్యాహ్నం అందరికీ ముందే చెప్పి ఇంటర్నెట్ లైను గంటసేపు తీసెయ్ బిడ్డా. మరో వారం సర్వర్‌ను పద్ధతిగా ఆపి చూడు. ఏ కౌంటర్‌లో ఏ పని ఆగింది, చేత్తో రసీదు రాయడం ఎవరికి వచ్చు, బ్యాకప్ నుంచి లెక్కలు తిరిగి తేవడానికి ఎంతసేపు పట్టింది, అన్నీ కాగితం మీద రాసుకో. కొటేషన్లు ఆ తర్వాత పిలువు.