వాకిలి నుండి వాకిలి వరకు

ధవళేశ్వరము దాటిన పిదప గోదావరీ నది పాయలుగా చీలి సముద్రమునకు సాగిపోవును. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ అను రెండు పెద్ద పాయల నడుమ నున్న పచ్చని నేలయే కోనసీమ. ఆ సీమ మొదటిభాగమున ఆత్రేయపురము కలదు. పలుచని బియ్యపుపిండి జావలో ముంచిన గుడ్డను కాగిన కుండ వీపుమీద నొక్కసారి లాగి, కాగితముకంటె పలుచనైన రేకు తీసి, దానిని నేయి, బెల్లములతో మడిచి చేయు పూతరేకులకు ఈ యూరు పేరు పొందినది. 2023వ సంవత్సరమున ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ ప్రాంతమునుండి చదువులకును, ఉద్యోగములకును హైదరాబాదు చేరిన కుటుంబములు పెక్కులు కలవు. మార్గశిరము కడచి చలి ముదిరి, ముంగిళ్ళలో గొబ్బిళ్ళు కనబడు దినములు వచ్చునప్పటికి ఆ యిండ్లన్నింట ఒకే ప్రశ్న పుట్టును: “పండుగకు ఊరికి ఎట్లు పోవుదము?” ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దానికి సరియైన సమాధానము చెప్పుట యెంత కష్టమో ఒక కుటుంబపు కథవలన తెలిసికొందము.

ఆ కుటుంబమున నలుగురు. తండ్రి ఒక కార్యాలయమున ఉద్యోగి. తల్లి పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించునది. కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. కుమారునకు అయిదేండ్లు. తాతగారును, నాయనమ్మయు ఆత్రేయపురములోనే యుందురు. తాతగారికి ఎనుబది యేండ్లు నిండినవి. “ఈసారి భోగిమంట పిల్లలచేతనే వెలిగింపవలె”నని ఆయన కార్తికమాసమునుండియు చెప్పుచుండెను.

రైలులో పోవుట సుఖము. కాని రైలుచోట్లు ప్రయాణమునకు 60 దినములు ముందుగానే కేటాయింపబడును. సంక్రాంతి దినములకైనచో అవి తెఱచిన కొద్దిసేపటిలోనే నిండిపోవును. తండ్రి ఆ గడువును మఱచెను. కావున కారా, విమానమా అను రెండు మార్గములే మిగిలినవి.

“విమానమున గంటసేపే గదా! కారులో ఎనిమిది గంటలు పట్టును. ఇందులో ఆలోచింప నేమున్నది?” అని తల్లి యనెను.

కుమార్తె కాగితము, కలము తెచ్చి కూర్చుండెను. “అమ్మా! గంట యనునది విమానాశ్రయమునుండి విమానాశ్రయమునకు. మనము పోవునది మన వాకిలినుండి తాతగారి వాకిలికి గదా! ఆ లెక్క వేయుదము” అనెను.

లెక్క ఇట్లు వచ్చినది. ఇంటినుండి శంషాబాదు విమానాశ్రయమునకు ఒక గంట. తనిఖీలకును, సామానులు అప్పగించుటకును రెండు గంటలు ముందుగా నుండవలెను. ఆకాశమున ఒక గంట. రాజమహేంద్రవరమునకు చేరువనున్న మధురపూడిలో దిగి సామానులు తీసికొనుటకు అరగంట. అచ్చటినుండి నగరము దాటి, ధవళేశ్వరపు ఆనకట్టమీదుగా బొబ్బర్లంక చేరి, ఆత్రేయపురమునకు పోవుటకు ఒక గంటకు పైగా పట్టును. మొత్తము అయిదున్నర గంటలకు తక్కువ కాదు. కారులోనైనచో విజయవాడ, ఏలూరు, తణుకుల మీదుగా సిద్ధాంతమువద్ద వసిష్ఠను దాటి, రావులపాలెమునుండి కాలువ వెంట పోవలెను. సుమారు 420 కిలోమీటర్లు. మామూలు దినములలో ఎనిమిది గంటలు. ఏడు గంటలు మిగులు ననుకొన్న చోట మిగులునది రెండున్నర గంటలే యని తేలినది.

పిమ్మట వ్యయము. పండుగ సమీపించినకొలది విమానపు టిక్కెట్ల ధర పెరుగును. ఆ దినమున ఒక్కొక్క టిక్కెట్టు 6,000 రూపాయలని తెలిసినది. రెండేండ్లు నిండిన పిల్లవానికిని ప్రత్యేకమైన చోటు కొనవలెను. కావున నలుగురికి 24,000 రూపాయలు. కారు లీటరునకు 15 కిలోమీటర్లు నడచినచో 28 లీటర్ల పెట్రోలు కావలెను. దాని వెల సుమారు 3,000 రూపాయలు. టోలు రుసుములు, దారిలోని భోజనములు కలిపినను 5,000 మించదు. నలుగురైనను, ఒక్కరైనను కారునకు పెట్రోలు ఇంచుమించు ఒక్కటే. విమానమున తలకొక టిక్కెట్టు. ప్రయాణికుడు ఒక్కడైనచో ఈ లెక్క వేఱుగా నుండెడిది.

మఱియొక విషయము కూడ కలదు. తిరిగివచ్చునపుడు నాయనమ్మ కట్టి యిచ్చు మూటలలో ఎండుకొబ్బరి తప్పక యుండును. నూనె గల యెండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి నిప్పంటుకొను స్వభావము గలది. అందుచే విమానములో సామానుతో దానిని పంపుటకు ఒప్పుకొనరు. కారునకు ఆ నిర్బంధము లేదు.

“అయినచో కారే! భోగి ముందునాడు సాయంకాలమువఱకు నాకు పని యున్నది. ఏడింటికి ఇల్లు చేరి, ఎనిమిదింటికి బయలుదేరుదము. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ఆత్రేయపురములో నుందుము. భోగిమంట అప్పుడే గదా! విమానమున భోగినాటి ఉదయపు చోట్లే యున్నవి. అది చేరుసరికి మంట చల్లారిపోవును” అని తండ్రి ఉత్సాహముతో పలికెను. కుమారుడు చప్పట్లు చఱచెను.

తల్లి కొంతసే పూరకుండి, “రాత్రి ఒంటిగంట దాటినపిదప మనము ఏలూరు చేరుదుము. అచ్చటినుండి రావులపాలెమువఱకు దారి యెట్లుండునో తలచితిరా?” అని అడిగెను. ఆమె చెప్పిన విషయము విద్యార్థులెల్లరు తెలిసికొనదగినది.

గోదావరీ మండలములలో నదులు, కాలువలు, చెఱువులు, తడినేలలు దట్టముగా నున్నవి. వానివలన నేలను తాకియున్న గాలిలో తేమ మెండు. చలికాలమున రాత్రులు దీర్ఘములు, ఆకాశము నిర్మలము. నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. దానితో పైనున్న గాలియు చల్లబడి, అందలి యావిరి సన్నని నీటిబిందువులుగా మాఱును. గాలి వీచనిచో ఆ బిందువులు నేలమీదనే నిలిచిపోవును. అదియే పొగమంచు. తెల్లవాఱుజామున అది మిక్కిలి చిక్కబడి, ఎండ యెక్కినపిదప విడిపోవును.

“మంచులో ఏబది మీటర్ల దూరమువఱకే కనబడుచున్న దనుకొనుము. మన కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. లెక్క కట్టుము” అని తల్లి కుమార్తెకు చెప్పెను.

ఆ వేగమున కారు సెకనునకు 22 మీటర్లు పోవును. అడ్డమును చూచి కాలు బ్రేకుమీదికి తెచ్చుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, అంతలోనే 33 మీటర్లు గడచును. బ్రేకు పట్టినపిదప పొడిరోడ్డుమీదనైనను మఱి 35 మీటర్లు పోయిగాని బండి నిలువదు. మొత్తము 68 మీటర్లు. కనబడునది 50 మీటర్లు! వేగమును 40 కిలోమీటర్లకు తగ్గించినచో 26 మీటర్లలోనే బండి నిలుచును. కాని అప్పుడు నాలుగు గంటలకు ఊరు చేరుట కల్ల.

“నెమ్మదిగానే నడపుదును. అయిదింటికి చేరిన నష్టమేమి?” అని తండ్రి యనెను.

అప్పుడు కుమార్తె, “నాన్నగారూ! విమానము నడపువాడు పగలంతయు కార్యాలయములో పనిచేసి, నిద్ర లేకుండ వచ్చి కూర్చుండెనని మనకు తెలిసినచో, మీరు మమ్ము ఆ విమాన మెక్కనిత్తురా?” అని అడిగెను.

తండ్రి బదులు చెప్పలేదు. ఆమె యడిగినది గడుసుతనముతో కాదు. నిజముగా తెలిసికొనవలెననియే యడిగెను. అందుచేతనే ఆ ప్రశ్న ఆయన మనస్సును తాకెను.

విమానచాలకుడు ఎన్ని గంటలు పనిచేయవచ్చునో, నడుమ నెంత విశ్రాంతి పొందవలెనో ప్రభుత్వము నియమములు చేసినది. చూపు చాలని మంచులో విమానమును దింపరాదు; వేచియుండవలెను, లేదా మఱియొక విమానాశ్రయమునకు మరలవలెను. ప్రయాణికులు విసుగుకొన్నను, పండుగ దాటిపోయినను ఆ నియమము సడలదు. కూలికి బస్సులను, లారీలను నడపువారికిని చట్టము దినమునకు ఎనిమిది గంటల పని యని పరిమితి విధించినది. కాని సొంతకారులో భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని పోవు గృహస్థుని “నీవు నిద్రపోయితివా?” యని యడుగు అధికారి యెవడును లేడు. టోలుగేటు ఫాస్టాగును చూచునుగాని చాలకుని కన్నులను చూడదు. కావున ఆ నియమమును గృహస్థు తనకు తానే విధించుకొనవలెను.

తండ్రి మెల్లగా లేచి ఆత్రేయపురమునకు టెలిఫోను చేసెను. “నాన్నగారూ! భోగినాటి యుదయమున వెలుగు వచ్చినపిదప బయలుదేరుదుము. మంట వేళకు రాలేము” అని చెప్పుటకు ఆయన గొంతు తడబడెను.

తాతగారు వెంటనే పలుకలేదు. ఆయన మనస్సు చివుక్కుమన్న దనుటలో సందేహము లేదు. కొంతసేపటికి ఇట్లనెను:

“నాయనా! నా చిన్ననాడు మనకు పడవలే దారులు. దొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించినపుడు త్రవ్వించిన కాలువలు పొలమునకు నీరును, మనుష్యులకు దారియు అయినవి. లొల్ల లాకులవద్ద పడవ నిలిచినపుడు నేను తొందరపడెడివాడను. పడవవాడు నవ్వి, ‘లోపలి నీరు, బయటి నీరు సమము కానిదే తలుపు తెఱచుకొనదు బాబూ!’ యనెడివాడు. మంచు దిగినచో పడవను గట్టునకు కట్టివేసి పండుకొనెడివాడు. పెండ్లివారున్నను సరే, పండుగవారున్నను సరే, త్రాడు విప్పెడివాడు కాడు. ఆలస్యమైన దని అతని నెవరును తిట్టలేదు. భోగిమంట ప్రతి యేడు మండును. నీవు త్రాడు కట్టివేసికొని పండుకొనుము.”

తాతగారు ‘దొరగా’రన్నది ఆర్థర్ కాటన్‌ను గూర్చి. 1847లో మొదలిడిన ఆ యానకట్ట 1852లో పూర్తియైనది. ఎత్తుననున్న నీటినుండి పల్లపునీటికి పడవను దింపుటకై కాలువలమీద లాకులు నిర్మింపబడినవి. పడవ లాకుతొట్టిలో ప్రవేశించినంతనే వెనుకతలుపు మూసి నీటిని మెల్లగా వదలుదురు. రెండువైపుల నీరు ఒకే మట్టమునకు వచ్చువఱకు ముందరి తలుపు తీయరు. నేడు ఆ కాలువలలో పూర్వపు పడవప్రయాణములు లేవు. కాని ఆ పడవవాని బుద్ధి యెల్లకాలమునకును పనికివచ్చునది.

ఆ రాత్రి తండ్రి తొమ్మిదింటికే నిద్రించెను. ఉదయము ఆరున్నరకు కారు బయలుదేరెను. పండుగ రద్దీవలన పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు టోలుగేట్లవద్ద బండ్లు బారులు తీరియుండెను. రెండు గంటల కొకసారి ఆగి, కాళ్ళు చాచుకొని, మంచినీరు త్రాగి సాగిపోయిరి. ఏలూరు దాటునప్పటికి ఎండ కాయుచుండెను. సిద్ధాంతపు వంతెనమీద వసిష్ఠ మెఱయుచు కనబడెను. సాయంకాలము నాలుగున్నరకు కారు ఆత్రేయపురములో తాతగారి వాకిట నిలిచెను. ప్రయాణము పది గంటలు పట్టెను.

భోగిమంట ఎప్పుడో ఆఱిపోయినది. వాకిట నల్లని బూడిదకుప్ప మాత్రమే యుండెను. దానిని చూచి కుమారుని ముఖము వాడిపోయెను. నాయనమ్మ వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని తలమీద భోగిపండ్లు పోసెను. రేగుపండ్లతో కలిసి జాఱిన చిల్లరనాణెములను ఏఱుకొనుచు వాడు కొంత తేఱుకొనెను. అప్పుడు తాతగారు కఱ్ఱతో బూడిదను కదలించిరి. అడుగున, ఆయన ఉదయము కప్పిపెట్టిన తుమ్మమొద్దు ఒకటి ఇంకను ఎఱ్ఱగా నుండెను. ఆయన దండెమునుండి చిన్న భోగిపిడకల దండ తీసి మనుమని చేతి కిచ్చిరి. వాడు దానిని నిప్పుమీద వేసెను. పిడకలు పొగ చిమ్మి, భగ్గున మండెను.

“తెల్లవాఱుజామున మంచు ఎట్లుండెను, నాన్నగారూ?” అని తండ్రి అడిగెను.

“మంట వెలిగించితిమి గాని, వీధి మొదటనున్నవారికి అది కనబడలేదు” అని తాతగారు చెప్పిరి.

తండ్రి కుమార్తె వైపు చూచెను. ఆమె తమ్మునితోపాటు మంటకు చేతులు చాచి కూర్చుండియుండెను.

విద్యార్థులారా! కారు మంచిదా, విమానము మంచిదా అను ప్రశ్నకు అందఱికి నొకే సమాధానము లేదు. దూరమును, జనసంఖ్యను, వ్యయమును బట్టి ఆ సమాధానము మాఱును. కాలమును మాత్రము వాకిలి నుండి వాకిలి వరకు లెక్కింపవలెను. ఏ వాహనమైనను, దానిని నడపువాడు నిద్ర చాలినవాడై, ఎదుట దారి కనబడుచున్నపుడే కదలవలెను. ఇంటివద్ద మనకై ఎదురుచూచువారు కోరునది మన వేగమును కాదు, మన రాకను.

ప్రశ్నలు

1. విమానప్రయాణమువలన మిగులు కాలము ఏడు గంటలు కాదని కుమార్తె యెట్లు నిరూపించెను?
2. గోదావరీ మండలములలో చలికాలమున పొగమంచు ఏర్పడుటకు కారణము లేవి?
3. విమానచాలకునకును, సొంతకారు నడపువానికిని గల భేదమును వివరింపుము.
4. లాకు పనిచేయు విధమును వర్ణింపుము. తాతగారు దానిని ఏల ప్రస్తావించిరి?
5. మీ యూరినుండి బంధువుల యూరికి పోవుటకు గల మార్గములను వ్రాసి, కాలమును, వ్యయమును లెక్కించి, మీరు దేనిని ఎన్నుకొందురో కారణములతో తెలుపుము.