పాత బాడిస

గోదావరీనది పాపికొండల నడుమ ప్రవేశించుటకు ముందు భద్రాచల క్షేత్రమును ఒరసికొని ప్రవహించును. ఆ క్షేత్రమునకు ఎగువను దిగువను, నదికి ఈవల ఖమ్మము సీమవైపునను, టేకు, నల్లమద్ది, వేగిస, చిరుమాను, వెదురు పెరుగు అడవులు వ్యాపించియున్నవి. భద్రాచల ప్రాంతము 1959వ సంవత్సరము వఱకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరినది. 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఇప్పుడు భద్రాచలము ఉన్నది. 1965వ సంవత్సరమున గోదావరిపై వంతెన వెలయువఱకు, ఒక యొడ్డునుండి మఱియొక యొడ్డునకు పోవు జనులకును సరకులకును పడవలే ఆధారము.

ఈ అడవుల అంచున గల పల్లెలలో వారమునకొక దినమున సంత జరుగును. కోయలు, కొండరెడ్లు ఇప్పపూవు, చింతపండు, చీపుళ్లు, వెదురుబుట్టలు తెచ్చి అమ్మి, ఉప్పు, మిరపకాయలు, బట్టలు కొనిపోవుదురు. సంతలో ఒక మూల ఇనుపసామానులు పఱచికొని కూర్చుండువారును కనబడుదురు. వారి గోనెపట్టాలపై క్రొత్త కొడవండ్లు, గొడ్డండ్లు తళతళలాడుచుండును. ప్రక్కనే తుప్పుపట్టిన ఉలులు, పిడిలేని సుత్తెలు, పండ్లు ఊడిన రంపములు కుప్పగా పడియుండును. దారిన పోవువారిలో పలువురు వానిని పాత ఇనుమని తలచి చూడకయే పోవుదురు. కాని పని తెలిసినవారు ఆ కుప్ప చెంతనే చాలసేపు నిలుతురు.

ఒకప్పుడు అట్టి సంతకు ఒక వడ్రంగియు, అతని మేనల్లుడును వచ్చిరి. మేనల్లునికి పందొమ్మిదేండ్లు. అతడు మామవద్ద నాలుగేండ్లు పని నేర్చి, తొలిసారిగా తన పేర ఒక యింటికి ద్వారబంధములు చేయుటకు ఒప్పుకొనెను. ఇంతవఱకు మామ పనిముట్లతోనే పనిచేసినవాడగుటచే అతనికి సొంత బాడిస లేదు. కూలిడబ్బులో మిగిల్చిన ఆఱువందల రూపాయలు అతని వద్ద నుండెను. అంతకు నెల క్రిందట అతడు మెఱయుచున్న క్రొత్త ఉలి నొకదానిని చవుకగా కొనెను. నల్లమద్ది కొయ్యలో బెజ్జము తొలువబోగా, దాని అంచు రేకువలె మడిగిపోయెను. కొయ్య చెడెను, ఒక దినపు కూలి పోయెను. ఆ బాధ అతని మనస్సులో ఇంకను మానలేదు.

ఇనుపసామానుల వరుస చివర ఒక ముసలమ్మ చిన్న గుడ్డపై ఒక బాడిసను, ఒక సుత్తెను పెట్టుకొని కూర్చుండెను. వడ్రంగి అచట ఆగెను.

“మామా! ఇది పూర్తిగా తుప్పుపట్టినది. పిడికూడ పగిలినది. ఆ క్రొత్తదే తీసికొందునా?” అని మేనల్లుడు అడిగెను.

“తొందరపడకురా అల్లుడా! తుప్పును చూచి వెఱవకుము. తుప్పు క్రింద నేమున్నదో చూడుము” అని మామ బదులు పలికెను.

అతడు బాడిసను చేతికెత్తికొని మొదట దాని బరువును చూచెను. పగిలిన పిడిని ఊడదీసి, ఇనుమును త్రాటితో వ్రేలాడదీసి, సుత్తెతో మెల్లగా తట్టెను. అది ఖంగుమని మ్రోగెను. పగులున్న లోహము బొంగురుగా పలుకును; ఇది పగులలేదని అతడు గ్రహించెను. పిమ్మట గోనెముక్కతో అంచును రుద్దెను. ఎఱ్ఱని పొడి రాలిపోయి, క్రింద నునుపైన నల్లని లోహము బయటపడెను. తుప్పు పైపైనిదైనచో పోవును. లోనికి దిగి గుంటలు చేసినచో, ఎంత నూఱినను ఆ గుంటలవద్ద వాదర తునిగిపోవుచుండును. చివరకు సంచిలోనుండి ఆకురాయిని తీసి వాదర మూలపై ఒకమాఱు నడపెను. ఆకురాయి పట్టుకొనక జాఱిపోయెను. అదే ఆకురాయిని బాడిస వెనుకభాగముపై నడపగా, అది చురుకుగా కొఱికి తెల్లని గీటు పెట్టెను.

“ఒకే వస్తువు ఒకచోట మెత్తనగాను, ఒకచోట కఠినముగాను ఎట్లున్నది మామా?” అని మేనల్లుడు ఆశ్చర్యపడెను.

“ఇది ఒకే వస్తువు కాదు. ఒడలు ఇనుము, వాదర ఉక్కు. కొలిమిలో రెంటిని తెల్లగా కాచి, సమ్మెటతో కొట్టి అతికినారు. ఇదిగో, ఆ రెండును కలిసిన గీటు” అని మామ చూపెను. ఆ గీటునకు ముందు ఇంకను రెండంగుళముల ఉక్కు మిగిలియున్నది. నూఱి నూఱి ఉక్కంతయు అఱిగిపోయిన పనిముట్టు ఎంత మంచిదైనను కొనదగదు. ఇందు ఇంకను చాలయేండ్ల పని యున్నది.

ఇనుమునకును ఉక్కునకును గల భేదము విద్యార్థులు తెలిసికొనదగినది. ఇనుములో కలిసియుండు కర్బనమే ఈ భేదమునకు ముఖ్యకారణము. మెత్తని ఇనుమునందు కర్బనము నూటికి 0.25 భాగముకంటె తక్కువగా నుండును. కోయు పనిముట్లకు తగిన ఉక్కునందు నూటికి 0.6 మొదలు 1.2 వఱకు ఉండును. తెలుగుదేశము పూర్వము ఉక్కునకు ప్రసిద్ధికెక్కినది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతి మూసి, కొలిమిలో దీర్ఘకాలము కాచి ఉక్కును చేయుచుండిరి. దానిని కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. త్రికోణమితి సర్వేక్షణలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము, అతని మరణానంతరము 1832లో అచ్చయ్యెను. డమాస్కసు కత్తులని లోకమున పేరొందిన కత్తులలో అనేకము ఇట్టి మూస ఉక్కుతో చేయబడినవి. ఇంగ్లండులో మైకేల్ ఫారడే మహాశయుడు 1820 ప్రాంతమున ఈ ఉక్కును పరిశీలించెను. పాశ్చాత్యులు దానికి పెట్టిన ‘వూట్జ్’ అను పేరు మన దక్షిణదేశపు ‘ఉక్కు’ అను మాటనుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు.

సంతలో దొరకు ప్రతి పాత బాడిసయందును ఆ మూస ఉక్కు ఉండునని తలపరాదు. పెద్దయంత్రముల ఉక్కు చవుకగా వచ్చినపిదప ఆ విద్య క్షీణించెను. తరువాతి కమ్మరులు తమకు దొరికిన మంచి ఉక్కునే వాడుకొనిరి. నేడు లారీల అడుగున బరువు మోయు కమానుబద్దలను తెచ్చి గొడ్డండ్లు, కత్తులు చేయు కమ్మరులు పలుచోట్ల కలరు. అందుచేత పనిముట్టును దాని వయస్సును బట్టిగాని, మెఱుపును బట్టిగాని కొనరాదు, పరీక్షించియే కొనవలెను.

వడ్రంగి బాడిసను మరల గుడ్డపై పెట్టి, “ఇవి ఎవరివి అక్కా?” అని అడిగెను. పాత పనిముట్టు కొనువాడు ఈ ప్రశ్నను తప్పక అడుగవలెను. దొంగిలింపబడిన పనిముట్టు ఎంత చవుకయైనను, అది మఱియొక పనివాని నోటికూడు.

“మా ఇంటి పెద్దాయనవి తమ్ముడా! ఆయన పోయి రెండేండ్లయినది. కొడుకు బొగ్గుగనికి పోవుచున్నాడు. వానికి వీనితో పనిలేదు. పాత ఇనుము కొనువాడు రెంటికి కలిపి ఎనుబది రూపాయలిత్తు ననినాడు. బాడిసకు నూఱు రూపాయలిచ్చి తీసికొనుము” అని ఆమె పలికెను.

మేనల్లుని కన్నులు మెఱసెను. అతడు వెంటనే రూపాయలు తీయబోగా, మామ అతని చేయి పట్టుకొని కొంచెము దూరము తీసికొనిపోయెను.

“ఇట్టి బాడిసను క్రొత్తగా చేయించిన ఎంతయగునో నీకు తెలియునా?”

“నాలుగువందలకు తక్కువ కాదు. కాని ఆమెయే నూఱు అడిగినది గదా మామా! మనము మోసమేమి చేసితిమి?”

“బేరమాడుట తప్పుకాదు. తన వస్తువు వెల నెఱిగినవాడు తగ్గించి యిచ్చిన అది బేరము. ఆమె ఉక్కును ఇనుమని తలచి అమ్ముచున్నది. నిన్న నీకు ఇనుమును ఉక్కని చెప్పి ఉలి నమ్మినవానికిని, నేడు నీకును భేదమేమి?”

మేనల్లుడు మాటాడలేదు. నాలుగువందలిచ్చినచో తనకు మిగులునది రెండువందలే. పిడికి కఱ్ఱ కావలెను. చెడిన ఉలికి బదులు మఱియొకటి కావలెను. పని ఒప్పుకొన్న యింటివారు తొందరపెట్టుచున్నారు. అతడు కొంతసేపు నేలచూపులు చూచుచు నిలిచెను. పిదప తానే ముసలమ్మ కడకు పోయి, “అవ్వా! ఇది నూఱు రూపాయల వస్తువు కాదు. దీని వాదర మంచి ఉక్కు. నాలుగువందలు తీసికొనుము. ఆ సుత్తెనుకూడ తూకమునకు అమ్మకుము” అని చెప్పి రూపాయలు ఆమె చేతిలో నుంచెను.

ఆమె రూపాయలను మాఱుమాఱు లెక్కించెను. తరువాత తన సంచిలోనుండి నడుమ పల్లముపడిన సానరాయి నొకదానిని తీసి, “దీనినికూడ తీసికొనిపొమ్ము బిడ్డా! ఆయన దీనిపైననే నూఱెడివాడు” అనెను.

ఆ సాయంకాలమే వారు కమ్మరి కొలిమికి పోయిరి. మేనల్లుడు మడిగిన ఉలిని చూపి, దానిని గట్టిపఱుప వీలగునా యని అడిగెను. కమ్మరి దానిని తిరుగుచున్న సానపై ఆనించెను. పొడవైన ఎఱ్ఱని గీతలవలె నిప్పురవ్వలు రాలెను. కమానుబద్ద తునుకను ఆనింపగా రవ్వలు కొమ్మలుగా చీలి పూవులవలె విచ్చెను. “రవ్వలు పూవులు పూచిన ఉక్కు, పూయకున్న ఇనుము. లేని కర్బనమును నేను నీటిలో ముంచి తేలేను నాయనా!” అని కమ్మరి నవ్వి, ఆ కమానుబద్దతోనే ఉలిని చేయుటకు పూనుకొనెను.

దానిని ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచగా అది కఠినమయ్యెను. కాని అప్పుడది గాజువలె పెళుసు. దెబ్బ తగిలిన విఱుగును. కావున వాదరకు మెఱుగుపెట్టి, వెనుకనుండి మరల మెల్లగా వేడిచేసెను. సుమారు 230 డిగ్రీల వేడియందు వాదరపై లేత గడ్డిరంగు తోచును. ఆపై గోధుమరంగు, ఊదారంగు వచ్చి, 300 డిగ్రీల చెంత నీలము పాఱును. గడ్డిరంగు కనబడినంతనే కమ్మరి ఉలిని చల్లార్చెను. నీలము వఱకు పోనిచ్చినచో వాదర మెత్తబడియుండును. యంత్రపు సానపై వేడెక్కి నీలమెక్కిన పాత ఉలిని పనివారు కొనకుండుటకు ఇదియే కారణము.

ఇంటికి వచ్చి మేనల్లుడు బాడిసను ఒక రాత్రియంతయు కిరసనాయిలులో నానబెట్టి, ఇటుకపొడితో తోమి, ఆరబెట్టి, ఆముదము పూసెను. పిడికొఱకు చిరుమాను కఱ్ఱను ఎన్నుకొనెను. కఱ్ఱలోని ఈనెలు పిడి పొడవునను సాగియుండవలెను. అడ్డముగా పోయినచో దెబ్బకు విఱిగి ఇనుము ఎగిరి ప్రాణాపాయము కలుగును. పిడిని బిగించి, చివరను చీల దిగగొట్టెను. పిమ్మట సానరాయిపై నీరు చల్లి, వాదర వాలు చెడకుండ నెమ్మదిగా నూఱెను.

“ఉలిని నూఱుటకు ఈ పల్లపురాయి పనికిరాదు. బండపై ఇసుక, నీరు వేసి, రాతిని రుద్ది సమము చేయుము” అని మామ చెప్పెను. మేనల్లుడు రాతిని చేతిలో త్రిప్పి చూచెను. ఒక మనుష్యుడు తన జీవితమంతయు ప్రతిదినము నూఱుటచే ఏర్పడిన పల్లమది. అతడు రాతిని వెనుకకు త్రిప్పి, రెండవ ముఖమును మాత్రమే సమము చేసికొనెను.

ద్వారబంధములు అనుకొన్న దినమునకు ముగిసెను. నల్లమద్ది కొయ్యపై బాడిస పెచ్చులు పెచ్చులుగా చెక్కినను వాదర మడగలేదు. పని చూచినవారు, పనిముట్టు ఎచట కొంటివని అడిగినపుడు, అతడు సంతపేరు చెప్పెను. చవుకగా వచ్చినదా యని అడిగినపుడు, “వెలకే వచ్చినది” అని చెప్పెను.