మూలకణముల రెండు ధర్మములు

మన దేహమున ప్రవహించు రక్తము ఎప్పటికప్పుడు నశించుచు, ఎప్పటికప్పుడు క్రొత్తగా పుట్టుచుండును. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు జీవించును. గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు వారము పది దినములకే నశించును. ఈ లోటును తీర్చుటకై ఆరోగ్యవంతుడగు పెద్దవాని శరీరము ప్రతి సెకనునకు ఇంచుమించు 20 లక్షల ఎర్రకణములను తయారుచేయుచున్నది. ఈ పని జరుగు చోటు మన ఎముకలలోని మూలుగ.

విద్యార్థులారా! ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. పరిణతి చెందిన ఎర్రకణమునకు కేంద్రకము లేదు. అది రెండుగా చీలజాలదు, తనవంటి మరియొక కణమును పుట్టింపజాలదు. అట్లయినచో ఎనుబది, తొంబది ఏండ్లు జీవించు మనుష్యునికి ఈ కణము లెచ్చటినుండి తరుగక వచ్చుచున్నవి? మూలుగలో మిక్కిలి కొలదిగా నుండు ఒక జాతి కణములు వీనికి పుట్టినిల్లు. వానినే మూలకణము లందురు.

ఆంగ్లమున దీని పేరు స్టెమ్ సెల్. స్టెమ్ అనగా కాండము. కాండమునుండి కొమ్మలు చీలినట్లు దీనినుండి నానావిధ కణములు చీలునని ఆ పేరులోని భావము. మన భాషలో మూలమనగా వేరు. మూలధనమను మాటలో అసలు సొమ్ము. అసలు చెడకుండ వడ్డీతో సంసారము గడపు గృహస్థునకును ఈ కణమునకును పోలిక కలదు గనుక మన పేరు మిక్కిలి తగియున్నది.

మూలకణమునకు రెండు ధర్మములు కలవు. చీలినప్పుడు తనవంటి మూలకణమునే మరల పుట్టించుట మొదటిది. దీనిని స్వీయ నవీకరణ మందురు. ఎర్రకణముగనో, తెల్లకణముగనో, ప్లేట్‌లెట్లనిచ్చు కణముగనో మారగల సంతతిని పుట్టించుట రెండవది. దీనిని విభేదన మందురు. మన యిండ్లలో పెరుగు తోడు వేయు పద్ధతిని చూడుడు. గిన్నెలోని పెరుగంతయు భోజనమునకు వడ్డించినచో రేపటి పాలకు తోడుండదు. తోడుకై అంతయు దాచినచో నేటి విస్తరిలో పెరుగుండదు. ఇల్లాలు ఈ రెండింటిని సరిచూచినట్లే శరీరమును సరిచూడవలెను.

ఈ సరిచూపు ఎంత సున్నితమైనదో లెక్కవేసి తెలిసికొందము. మూలుగలో 100 మూలకణములు కలవనుకొనుడు. ఒక్కొక్కటి ఒకసారి రెండుగా చీలినచో పిల్లకణములు 200 అగును. వానిలో సరిగా సగము మూలకణములుగా నిలిచి, తక్కిన సగము విభేదనమునకు పోయినచో మూలకణముల సంఖ్య మారదు. నూటికి 50 కి బదులు 45 వంతున నిలిచినచో, పది విభజనలు ముగియునప్పటికి 100 మూలకణములు సుమారు 35 కు తగ్గును. నూటికి 55 వంతున నిలిచినచో అవియే 259 కి పెరుగును. నూటికి అయిదు వంతుల మొగ్గు చాలును. ఒక వైపున రక్తహీనత, మరియొక వైపున అదుపులేని పెరుగుదల కాచుకొనియుండును.

ఈ కణముల యునికిని ప్రయోగపూర్వకముగా చూపినవారు కెనడా దేశమున టొరాంటో నగరమునందలి జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కలక్ అను శాస్త్రజ్ఞులు. వికిరణముచే మూలుగ నశించిన ఎలుకలకు వారు ఆరోగ్యముగల ఎలుకల మూలుగ కణములను ఎక్కించిరి. కొన్ని దినములకు ఆ ఎలుకల ప్లీహముపై చిన్న చిన్న బుడిపెలు లేచెను. ఈ విషయమును 1961 లో ప్రకటించిరి. ఒక్కొక్క బుడిపె ఒక్కొక్క కణమునుండియే పుట్టినదని 1963 లో వారును ఆండ్రూ బెకరును నిరూపించిరి. ఒక బుడిపెలోని కణములను వేరొక ఎలుకకు ఎక్కించగా మరల బుడిపెలు పుట్టినవి. అనగా మొదటి కణము రక్తకణములను పుట్టించుటయే గాక తనవంటివానిని గూడ మిగిల్చినదన్నమాట. అయితే ఒక బుడిపెలో అట్టివి అనేకములు, వేరొకదానిలో అతి స్వల్పము. పాచికలు వేసినప్పుడు ఏ పందెము పడునో ముందు తెలియనట్లు, ఏ కణము ఏ దారి పట్టునో ముందుగా చెప్పలేమనియు, సమూహము మొత్తములో మాత్రమే సమత నిలుచుననియు వారు 1964 లో వివరించిరి.

మరి పాచికలను అదుపులో నుంచునది ఏది? మూలకణమునకు తగిన నివాసస్థానముండవలెననియు, అచ్చట నున్నంత కాలమే అది మూలకణముగా నిలుచుననియు రే స్కోఫీల్డ్ 1978 లో సూచించెను. మాగిన పండ్లపై ముసరు చిన్న ఈగ అండాశయమున దీనిని స్పష్టముగా చూడవచ్చును. అచ్చటి మూలకణము కొన్ని ప్రత్యేక కణములను అంటిపెట్టుకొని, వానినుండి వచ్చు సంకేతముచే మూలకణముగా నిలుచును. అది చీలినప్పుడు అంటియున్న పిల్ల మూలకణముగానే యుండును. దూరమైన పిల్ల సంకేతమందక అండముగా మారు దారి పట్టును. ఆసనములెన్నియో మూలకణములన్నియే. మన మూలుగలోను రక్తనాళముల చెంతనున్న కణములు ఇట్టి సంకేతములను ఇచ్చుచున్నవి.

మూలకణము తరచుగా చీలదనుటయు గమనింపదగిన విషయము. చీలిన ప్రతిసారి జన్యు పదార్థమునకు నకలు వ్రాయవలెను. నకలులో తప్పులు దొరలవచ్చును. కనుక అది ఎక్కువ కాలము విశ్రాంతిగా నుండి, పెంపకపు పనిని తన సంతతియగు మధ్యకణములకు విడుచును. ఒక కణము 20 మారులు వరుసగా ఇబ్బడి యైనచో 10,48,576 కణము లగును. అసలు కదలకయే వడ్డీ పెరుగుట యిట్లే.

ఈ సమత చెడినప్పుడు కలుగు వ్యాధులలో లుకేమియా అను రక్త క్యాన్సరు ఒకటి. మూలకణములలోనో వాని సంతతిలోనో జన్యువులు చెడి, కణములు పరిణతి చెందక లేతగనే నిలిచి, పెరుగుటను మాత్రము మానవు. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడపిన పరిశోధనలవలన అమినోప్టెరిన్ అను మందు వెలువడినది. ఆ మందుచే కొందరు పిల్లలలో ఈ వ్యాధి కొంతకాలము శమించినదని సిడ్నీ ఫార్బర్ 1948 లో ప్రకటించెను. అది కణముల పెరుగుదలను అడ్డు మందు. రెండవ దారి షాంఘైలో కానవచ్చినది. విటమిన్ ఏ కు సంబంధించిన ఒక రెటినోయిక్ ఆమ్లమును ఒక జాతి లుకేమియా గల 24 మందికి ఇచ్చినట్లు వాంగ్ చెన్‌యీ గారి బృందము 1988 లో ప్రకటించినది. వారిలో 23 మందికి ఆ మందొక్కదానితోనే వ్యాధిలక్షణములు తొలగెను. అది కణములను చంపుటకు బదులు, ఆగిపోయిన విభేదనమును ముందునకు నడపినది.

తల్లిదండ్రులకు ఒక మనవి. రక్తమూలకణములను ఒకరినుండి మరియొకరికి మార్చు చికిత్స చిరకాలముగా ప్రాణములను నిలుపుచున్నది. ఈ రంగమున కృషిచేసిన డోనాల్ థామస్ గారికి 1990 లో నోబెల్ బహుమానము లభించెను. కాని మూలకణములను ఎక్కించినచో ఏ వ్యాధియైనను నయమగునను ప్రకటనలను నమ్మి ఇల్లు తాకట్టు పెట్టకుడు. ఆమోదింపబడిన రక్తమూలకణ మార్పిడి తప్ప తక్కినవానిని అనుమతి పొందిన పరిశోధనలలోనే చేయవలెనని 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శక సూత్రములు చెప్పినవి. మూలకణముల మేలు వాని సంఖ్యలో లేదు, సమతలో నున్నది. నిలుచుచోటు లేక, అదుపు లేక చేరిన కణము మందు కాకపోవుటయే గాక హాని యగుటకును అవకాశము కలదు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. పిల్లకణములలో నూటికి 60 వంతున మూలకణములుగా నిలిచినచో, 100 మూలకణములు అయిదు విభజనల పిమ్మట ఎన్ని యగును?

2. ఎర్రకణము మూలకణముగా పనిచేయజాలదు. ఏల?

3. అమినోప్టెరిన్, రెటినోయిక్ ఆమ్లము - ఈ రెండును లుకేమియాపై పనిచేయు విధములలోని భేదమును మీ మాటలలో వ్రాయుడు.