తడి బూట్ల సంగతి

మాధవరం

చిరంజీవి మేనల్లుడికి,

ఈ వానల్లో నీకు అరుణాచల్ కొండల్లో తవాంగ్ వైపు పోస్టింగ్ పడిందని అమ్మ చెప్పింది. మంచు కురిసే నెలలు కావు కదా అని ధీమాగా ఉంటావేమోనని ఈ ఉత్తరం. పాదం చెడటానికి నీళ్లు గడ్డకట్టేంత చలి అక్కర్లేదురా. పది డిగ్రీల్లోనైనా తడి బూట్లతో గంటల తరబడి కదలకుండా నిలబడితే చాలు. రక్తనాళాలు ముడుచుకుపోతాయి, రక్తం అందక నరాలు దెబ్బతింటాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో, మన సిపాయిలు కూడా ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో మోకాటి లోతు బురదలో నిలబడ్డారు. ఆ తొలి చలికాలంలోనే బ్రిటిష్ సైన్యంలో వేలమంది పాదాలు ఇలా పాడయ్యాయి. ఆ తర్వాత రోజూ పొడి మేజోళ్లు మార్చాలని, ఒకరి పాదాలు ఒకరు చూడాలని కట్టడి చేశాకే ఆ బాధ తగ్గింది.

ఇందులో మోసమేమిటంటే, నొప్పి పోవడమే ప్రమాదానికి గుర్తు. మొదట తిమ్మిరి, తర్వాత దూది మీద నడిచినట్టు ఉంటుంది. చలికి అలవాటు పడ్డానులే అనిపిస్తుంది. మన నల్లటి చర్మం మీద పాలిపోవడం తొందరగా కనపడదు, కాబట్టి రంగును నమ్మకు. వేళ్లు ముట్టుకుంటే తెలుస్తోందా లేదా, అది చూసుకో. వెచ్చబడ్డాక పాదం వాచి, ఎర్రబడి, మంటెత్తిపోతుంది. రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. కొందరికి ఏళ్ల తరబడి కాస్త చలి కూడా పడదు. గట్టివాళ్లమని దాచుకుని ఆ స్థితికి వచ్చినవాళ్లను పల్టన్‌లో చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పొడి మేజోళ్ల జత ఎప్పుడూ ప్లాస్టిక్ సంచిలో ఉంచుకో. తడిసినవి పిండి, చొక్కా లోపల ఒంటి వేడికి ఆరబెట్టుకో. తడి బూట్లతో నిద్రపోకు. లేసులు బిగించి కట్టకు. డ్యూటీలో నిలబడ్డప్పుడు వేళ్లు ఆడిస్తూ ఉండు. సిగరెట్ రక్తనాళాలను ఇంకా ముడుస్తుంది, దాని జోలికి పోవద్దు. రాత్రి నీ బడ్డీ పాదాలు నువ్వు చూడు, నీవి అతను చూస్తాడు.

స్పర్శ తగ్గితే బూట్లు విప్పి, పాదాల తడిని మెత్తగా అద్ది, ఒళ్లంతా వెచ్చగా కప్పుకుని, కాళ్లు ఎత్తులో పెట్టి పడుకో. మంట దగ్గర కాచుకోకు, వేడినీళ్లలో పెట్టకు, రుద్దకు. మొద్దుబారిన చర్మం కాలినా నీకు తెలియదు. ఆ రోజే ఎమ్‌ఐ రూమ్‌లో డాక్టరుకు చూపించు.

అమ్మ ఊలు మేజోళ్లు కొంటానంటోంది. వేసుకున్నాక కూడా బూటులో వేళ్లు ఆడాలి, ఆ లెక్కన సైజు రాయి.

మీ మామయ్య