అన్సిబుల్‌లో ఏ ఫైలు మాట చెల్లుతుంది?

పోర్టు నంబర్లు, ఫోల్డర్ పాత్‌లు, యూజర్ పేర్లు టాస్కుల్లోంచి తీసి విడి ఫైళ్లలో పెట్టడం అన్సిబుల్ వాడే ప్రతి టీమూ చేసే పనే. ఫైలు లోడ్ చేయడం ఒక్క లైను పని. ఒకే వేరియబుల్ రెండు ఫైళ్లలో ఉన్నప్పుడే అసలు చిక్కు.

వెబ్ సర్వర్లన్నిటికీ యాప్ పోర్టు 8080 అనుకుందాం. ఒక్కదానికి మాత్రం 9090 కావాలి. ఇన్వెంటరీ పక్కనే ఉన్న హోస్ట్_వార్స్ ఫోల్డర్‌లో ఆ సర్వర్ పేరుతో ఫైలు పెట్టి 9090 రాశారు. ప్లేబుక్ నడిపితే అక్కడా 8080యే పడింది. ఎర్రరూ లేదు, వార్నింగూ లేదు. ఎందుకంటే ఉమ్మడి 8080ని ప్లేబుక్‌లో వార్స్_ఫైల్స్ కింద ఇచ్చారు. దాని స్థానం హోస్ట్_వార్స్ కంటే పైన. ఆ 8080ని గ్రూప్_వార్స్‌లోకి మార్చండి, సరిపోతుంది. గ్రూప్ విలువ మీద హోస్ట్ విలువదే పైచేయి.

ఇలాంటి అనుమానం వస్తే రెండు చోట్ల చూడండి. అన్సిబుల్-ఇన్వెంటరీ కమాండ్‌కు హోస్ట్ పేరిస్తే ఇన్వెంటరీ వైపు విలువ, అంటే 9090, కనిపిస్తుంది. ప్లేబుక్‌లో డీబగ్ టాస్క్ పెడితే చివరికి నిలిచిన విలువ 8080 అని వస్తుంది. రెండూ కలవలేదంటే పైనుంచి ఇంకో ఫైలు దాన్ని తొక్కేస్తోందన్నమాట.

డాక్యుమెంటేషన్‌లో ఈ వరుసకు 22 మెట్లున్నాయి. రోజువారీ పనికి ఆరు గుర్తుంటే చాలు. కింది నుంచి పైకి: రోల్ డిఫాల్ట్స్, గ్రూప్_వార్స్, హోస్ట్_వార్స్, వార్స్_ఫైల్స్, ఇన్‌క్లూడ్_వార్స్, అన్నిటి మీదా కమాండ్ లైన్లో ఇచ్చే ఎక్స్‌ట్రా వార్స్. మారే అవకాశమున్న విలువను వీలైనంత కింది మెట్టులో ఉంచండి.

ఇన్‌క్లూడ్_వార్స్ ఒక టాస్క్. దాని వంతు వచ్చినప్పుడే ఫైలు చదువుతుంది. డెబియన్‌కు ఒక ఫైలు, రెడ్ హ్యాట్‌కు ఒక ఫైలు ఉన్నప్పుడు, సర్వర్ ఫ్యాక్ట్స్ చూసి ఎంచుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. ఒక జాగ్రత్త: ట్యాగ్‌లతో సగం ప్లేబుక్ నడిపితే ఈ టాస్క్ స్కిప్ అయిపోయి, కింద వేరియబుల్ లేదనే ఎర్రర్ వస్తుంది. దీనికి ‘ఆల్వేస్’ ట్యాగ్ తగిలించండి.

యామల్ ఫైల్లో వెర్షన్ 1.10 అని కోట్స్ లేకుండా రాస్తే అది దశాంశ సంఖ్యగా మారి 1.1 అవుతుంది, పాత వెర్షన్ ఇన్‌స్టాల్ అయ్యే ప్రమాదముంది. కమాండ్ లైన్లో పేరు, ఈక్వల్ గుర్తు, విలువ అని ఇస్తే ప్రతిదీ స్ట్రింగ్‌గానే వస్తుంది. ట్రూ, ఫాల్స్ అలాగే నిలవాలంటే @ గుర్తు పెట్టి యామల్ ఫైలు పేరివ్వండి.

పాస్‌వర్డ్‌లున్న ఫైలును వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాకే గిట్‌లో పెట్టండి. అయితే వాల్ట్ కాపాడేది ఫైలునే. టాస్క్ నడిచేటప్పుడు పాస్‌వర్డ్ లాగ్‌లో పడకుండా నో_లాగ్ కూడా పెట్టాలి.

కొత్త వేరియబుల్ చేర్చే ముందు రిపో మొత్తం ఆ పేరుతో ఒకసారి గ్రెప్ కొట్టండి. రెండో చోట కనిపిస్తే, అక్కడ ఎందుకుందో పక్కనే కామెంట్ రాయండి. కారణం దొరక్కపోతే టీమ్‌ను అడిగి తీసేయండి.